మంగు మొగం, కాటుక జొన్న

ముఖం మీద మంగు వచ్చిందని ఏ ఆడపిల్లయినా మందు కోసం నా దగ్గరికి వస్తే నేను మొదట ముఖం చూడను, చేతులు చూస్తాను. గోళ్ల సందుల్లో సున్నిపిండి ఇరుక్కుని ఉంటే అర్థమైపోతుంది, ఇంట్లో గీకి గీకి వచ్చిందని. "ఏమ్మే, అది మొగమా, మసి పట్టిన బానా? ఎందుకట్ల తోముతాండావు?" అని కేకలేస్తాను. నా నోరు అలాంటిది. కొందరు ఏడుస్తారు కూడా. ఏడిస్తే ఏడవనీ, గీకడం మానితే చాలు. తర్వాత నా కుడి చెంప దగ్గరగా పెట్టి చూపిస్తాను. కణత నుంచి దవడ దాకా పెనం అడుగులా నల్లబడి, ముడతలు పడి ఉంటుంది. అది చూశాక నేను చెప్పే మాటకు ఎవరూ ఎదురు చెప్పరు.

ఆ చెంప అలా ఎందుకయిందో మర్యాద కొద్దీ ఎవరూ అడగరు. మర్యాదతో నాకు పని లేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

మా పుట్టిల్లు కడప జిల్లాలో, జమ్మలమడుగు వైపు నల్లరేగడి ఊరు. నన్నిచ్చింది పత్తికొండ దగ్గర ఎర్రనేలల పల్లెకు. అప్పటికింకా తెల్లవాళ్ల రాజ్యమే. అత్తవారింట్లో అత్త, మామ, నా భర్త, ఒక మరిది. పొలమంతా వాన మీద ఆధారపడిందే. జొన్న పండితే తింటాం, లేకపోతే లేదు. అందుకని ఆ ఇంట్లో విత్తనం వేసే రోజు పెళ్లిరోజు కంటే పెద్దది. గొర్రుకు ఎద్దులను కట్టి మగవాళ్లు తోలుతారు. గొర్రు మీద జడ్డిగమని ఒక చెక్కగిన్నె నిలబెట్టి ఉంటుంది. దాని అడుగున రంధ్రాలు, రంధ్రాల కింద వెదురు గొట్టాలు. వెనకాల నడుస్తూ ఆ గిన్నెలోకి పిడికిటితో గింజలు వదలడం ఆడదాని పని. గింజ ముద్దగా పడకూడదు, తెంపు రాకూడదు. ఏ కోడలి చేతికి జడ్డిగం ఇస్తే ఆ ఇంటికి ఆ కోడలే పెద్ద కోడలని ఊరంతటికీ తెలిసినట్టు. కాపురానికి వచ్చిన మరుసటేడే అత్త దాన్ని నా చేతికిచ్చింది. నాకెంత గర్వమో చెప్పలేను. నడిచి నడిచి కాళ్లు బొబ్బలెక్కినా నవ్వుకుంటూనే నడిచాను.

కొడుకు పుట్టాక నాకు మంగు వచ్చింది. రెండు చెంపల మీదా, ముక్కు మీదా గోధుమరంగు మరకలు. కాన్పులకు మంగు రావడం వింతేమీ కాదు. కడుపుతో ఉన్నప్పుడే శానామందికి మొదలవుతుంది. బిడ్డ నడక నేర్చేసరికి కొందరికి దానంతటదే పోతుంది, కొందరికి ఉండిపోతుంది. ఎండ సోకితే మాత్రం ముదురుతుంది. నేను బాలింతగా లేవగానే కలుపుకు పోయాను. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఎండ నా ముఖం మీదే. గోధుమరంగు కాస్తా కాఫీ గింజ రంగుకు వచ్చింది. నాకేమీ దిగులు లేదు. పాలిచ్చే తల్లికి ముఖం చూసుకునే తీరికెక్కడిది?

ఆ ఏడే మా జొన్నకు కాటుక పట్టింది. కాటుకంటే జొన్నకు వచ్చే తెగులు. కంకిలో గింజ ఉండాల్సిన చోట తెల్లటి తిత్తి ఉంటుంది. నలిపితే లోపలంతా నల్లటి పొడి. పంటలో సగం అలాగే పోయింది. కల్లంలో కంకులు కొడుతుంటే మసి లేచి అందరి ముఖాలూ నల్లబడ్డాయి. అత్త చేటను కింద పడేసి నా వైపు చూసింది. చూసి, నా దగ్గరికి వచ్చి, నా గడ్డం పట్టుకుని ఎండలోకి తిప్పింది.

"నలుపంతా ఈడ ఉండాది," అంది. "ఈ మొగం పెట్టుకొని జడ్డిగం కాడ నిలబడితే ఇంగేమైతాది? నీ మంగు కంకులకెక్కినాది."

నేను నవ్వాను. వేళాకోళమనుకున్నాను. నా భర్త చెయ్యి చెంప మీద పడ్డాక తెలిసింది కాదని. మచ్చ పడిన మనిషి విత్తనం తాకితే పంటకు మచ్చ వస్తుందని వాళ్ల ఇంటి నమ్మకం. మా వైపు అలాంటిది లేదు. మా నాయన జొన్న విత్తనాన్ని మైలుతుత్తం, అంటే అంగట్లో దొరికే ఆ నీలిరంగు ఉప్పురాయి, కలిపిన నీళ్లలో తడిపి, నీడన ఆరబెట్టి వేసేవాడు. కాటుక పొడి విత్తనానికి అంటుకుని ఉంటుందని, ఆ నీళ్లకు అది చస్తుందని చెప్పేవాడు. ఆ మాటే మామకు చెప్పాను. ఆయన విన్నాడో లేదో తెలియదు, విన్నది నా భర్త. "తినే గింజకు విషం పెట్టమంటాండాది చూడప్పా ఇది!" అని చర్నాకోల అందుకున్నాడు. మామ లేచి ఎద్దులకు మేత వేయడానికి పోయాడు. ఇంట్లో దెబ్బలు పడే ప్రతిసారీ ఆయనకు ఎద్దులు గుర్తుకొచ్చేవి. కొట్టినవాళ్ల కంటే ఆయన మీదే నాకిప్పటికీ ఎక్కువ కోపం.

అత్త తీర్పు చెప్పేసింది. మళ్లీ విత్తనం వేసే నాటికి నా ముఖం తేట కావాలి. లేకపోతే బిడ్డను అక్కడ వదిలి నేను పుట్టింటికి పోవాలి. "పిల్లోడు మావాడు. నీకు మొగం బాగైనప్పుడు రా, లేకుంటే రావద్దు," అంది. వాడికప్పుడు పాల పళ్లు కూడా పూర్తిగా రాలేదు.

మా అమ్మకు కబురు పెడితే మా అన్న వచ్చాడు. అమ్మ ఇచ్చిన జాజికాయలు, ఎర్రచందనం చెక్క తెచ్చాడు. అమ్మ చెప్పమన్న మాటలు గడప దగ్గర నిలబడి అప్పజెప్పాడు. పచ్చిపాలతో జాజికాయ అరగదీసి సాయంత్రం పూట పలచగా పట్టించాలి, ఆరాక కడగాలి. మంటనిపిస్తే ఆపి, చందనం గంధం తీసి పూయాలి. నిమ్మరసం ముఖానికి రుద్దకూడదు. సున్నిపిండితో తోమకూడదు. ఎండలోకి పోతే కొంగు ముఖానికి అడ్డం ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం తొందరపడకూడదు, మంగు వచ్చినంత నిదానంగానే పోతుంది.

నేను అలాగే చేశాను. మొదట ఏమీ తెలియలేదు. ఇత్తడి చెంబులో నీళ్లు పోసి రోజూ ముఖం చూసుకునేదాన్ని. చలికాలం వచ్చేసరికి ముక్కు మీది మరక పలచబడింది. చెంపల అంచులు చెదిరాయి. జాజికాయ గొప్పా, కొంగు గొప్పా అంటే కొంగే గొప్పని నేను చెప్తాను. ఎండ తగలకపోతే సగం మంగు ఆకలికి చచ్చినట్టు చస్తుంది. కానీ ముఖానికి కొంగు కట్టుకుని జొన్న కొయ్యకాళ్లు పీకుతుంటే అత్తకు ఒళ్లు మండింది. "ఏమ్మే, ఘోషాలో కూర్చునే బేగమువా? తియ్, నీ మొగం ఎంత తేటైనాదో నేను చూడల్ల," అని చేలో నలుగురి ముందూ కొంగు లాగేది. నేను మళ్లీ కట్టుకునేదాన్ని. ఆమె మళ్లీ లాగేది. ఒకసారి నేను ఆమె చేతిని కొరికాను. రక్తం వచ్చింది. ఆ పూట నాకు అన్నం లేదు, దెబ్బలు మాత్రం కడుపునిండా తిన్నాను.

ఆ ఎండాకాలంలో మరిదికి పెళ్లయింది. నాకు తోడికోడలు వచ్చింది. మెత్తటి మనిషి. చిన్న మాటకే కళ్లనీళ్లు పెట్టుకునేది. ముఖం మీద ఆవగింజంత మచ్చ కూడా లేదు. పెళ్లి చూపుల్లో అత్త చూసింది అదొక్కటే.

వానలు దగ్గర పడుతున్నాయి. నా మంగు సగానికి పైగా పోయింది, కానీ పూర్తిగా పోలేదు. అత్తకు ఓపిక అయిపోయింది. ఒక మధ్యాహ్నం నేను గిన్నెలు కడిగి లోపలికి వస్తే వాకిట్లో దీపం వెలిగించి ఉంది. పట్టపగలు దీపమేమిటా అని చూస్తే, అత్త సూది మొనకు నల్లజీడి గింజ గుచ్చి మంటకు చూపిస్తోంది. చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టేది ఆ గింజ రసంతోనే. బట్టకు పడితే చిరిగేదాకా పోదు, ఒంటికి పడితే తోలు ఊడుతుంది. బెణుకులకు ఒక చుక్క పెట్టడం అందరికీ తెలిసిందే. ముఖానికి పూయడం నేనెక్కడా వినలేదు.

"జీడి మంగును తింటాది," అంది అత్త. "రెండు దినాలు మంట ఉంటాది, ఓర్చుకో. నీ మంచికే చేస్తాండా."

నేను వీధిలోకి పరుగెత్తబోయాను. నా భర్త జుట్టు పట్టి వెనక్కి లాగాడు. వెల్లకిలా పడ్డాను. అతను మోకాళ్లతో నా కాళ్లు తొక్కిపట్టాడు. అత్త నా రొమ్ము మీద కూర్చుంది. తల పట్టుకొమ్మని తోడికోడలికి చెప్పింది. ఆ పిల్ల వెనక్కి జరిగితే, "పడ్తావా, నీకూ పుయ్యల్లా?" అని అరిచింది. ఆ పిల్ల పట్టుకుంది. దాని కన్నీళ్లు నా నుదుటి మీద పడుతూనే ఉన్నాయి. రసం మొదట చల్లగా తగిలింది. ఇంతేనా అనుకున్నాను. కుడి చెంపంతా పూసి ఎడమ చెంపకు వచ్చేలోపల మొదలైంది మంట. నేను ఎంత గట్టిగా ఎగిరానంటే అత్త పక్కకు దొర్లి దీపం మీద పడింది. ఎడమ చెంప అలా మిగిలింది.

మరుసటి రోజుకు నా కుడికన్ను మూసుకుపోయింది. చెంపంతా నీటిబొబ్బలు. నా కొడుకు నన్ను చూసి గుర్తుపట్టక కెవ్వుమన్నాడు. పాలకు నా దగ్గరికి రాలేదు. ఆ దెబ్బ ఒక్కటి నాకు జీడి కంటే ఎక్కువ మండింది. తోడికోడలు అత్త కంటపడకుండా నువ్వులు నూరి వెన్న కలిపి తెచ్చి పూసేది. జీడి పొంగుకు అదే మందు, కొబ్బరినూనె ఉంటే అదీ మంచిదే. బొబ్బలు ఆరి తోలు ఊడింది. కింది నుంచి వచ్చిన తోలు లేతగా ఎర్రగా ఉంటే అత్త సంబరపడింది, మంగు పోయిందని. కొన్నాళ్లకు అది నల్లబడింది. మంగు కంటే పది రెట్లు నల్లగా, చేతికి గరుగ్గా తగిలేలా.

అప్పుడు నాకొకటి అర్థమైంది. తోలు కోపగించుకుంటే నల్లబడుతుంది. ఎండ పెట్టే బాధకైనా, గీకే బాధకైనా, కాల్చే బాధకైనా అది చేసే పని ఒకటే. ఎద్దు మెడ మీద కాడి రాసుకునే చోటు నల్లగా ఎందుకుంటుందో ఇన్నేళ్లు చూస్తూ కూడా నేను ఆలోచించలేదు. మచ్చ పోవాలంటే తోలును సముదాయించాలి. కొట్టేకొద్దీ అది ఇంకా మొండికేస్తుంది. దీనికి శాస్త్రంలో ఏ పేరుందో నాకు తెలియదు. నేను చెంప ఇచ్చి నేర్చుకున్న సంగతి ఇది.

ఆ ఏడు జడ్డిగం తోడికోడలి చేతికి పోయింది. నన్ను పొలం గట్టు కూడా తొక్కనివ్వలేదు. అయితే వెంటనే పంపించలేదు. ఇంటి చాకిరీకి మనిషి కావాలి కదా. "పంట తేటగా వస్తే తెలిసిపోతాది ఎవరి పాపమో," అంది అత్త. "ఆ పొద్దు పిల్లోని ఈడ పెట్టి నువ్వు పోతాండావు. అంతదాకా పని చెయ్."

చిన్న కోడలి చేతి మీద పంట శుభ్రంగా వస్తే నా కొడుకు నాకు లేడు. జొన్న నెల పెరిగింది, రెండు నెలలు పెరిగింది. పొట్టకొచ్చింది. రోజూ పొయ్యి ముందు కూర్చుని అహోబిలం నరసింహస్వామిని వేడుకున్నాను. "స్వామీ, కంకులు నల్లగా రావాలి. చేనంతా మసి కావాలి. మేమంతా పస్తులుండాలి," అని. ఇంటి తిండి పాడైపోవాలని కోరుకున్నాను. మంచి మాటలు ఎంతమంది చెప్పినా అది తప్పని నేను ఒప్పుకోను. పాలు తాగే బిడ్డను ఎత్తుకుపోతామని చెప్పినవాళ్ల జొన్న ఎలా పోతే నాకేమి?

విత్తనం పాతదే, ముందటేడు మసి కొట్టుకున్న కల్లంలోదే. కంకులు గింజ కట్టే వేళకు ఎవరికీ చెప్పకుండా చేలోకి పోయాను. ఒక కంకి విరిచి నలిపాను. నల్లటి పొడి అరచేతి నిండా రాలింది. ఇంకోటి విరిచాను, అదీ అంతే. చేలో ఒక్కదాన్నే నిలబడి పగలబడి నవ్వాను. కొంగులో పట్టినన్ని కంకులు కోసుకుని ఇంటికి వచ్చి వాకిట్లో అత్త కాళ్ల ముందు కుమ్మరించాను.

"చూడు అత్తా! నేను గట్టు గూడా తొక్కలేదు. ఎవరి మొగం చూసి కాటుక పట్టినాది ఇప్పుడు?"

మామ, నా భర్త, మరిది అందరూ అక్కడే ఉన్నారు. అత్త కంకి ఎత్తి చూసింది. సిగ్గుపడుతుందని ఎదురుచూస్తున్నాను. ఆమె తల ఎత్తింది, నన్ను దాటి నా వెనకాల చూసింది. నా వెనక తోడికోడలు నిలబడి ఉంది.

"దీనికి గూడా యాడో ఉండాది," అంది.

అత్త లేచి ఆ పిల్ల రెక్క పట్టి ఈడ్చుకొచ్చింది. ముఖం తిప్పి చూసింది, మెడ చూసింది. రవిక పట్టి లాగితే వీపు మీద చర్రున చిరిగింది. "నాకేమీ లేదత్తా, నాకేమీ లేదు," అని ఆ పిల్ల ముడుచుకుపోతోంది. మరిది పెళ్లాన్ని కాపాడటం పోయి, కదలకుండా పట్టుకున్నాడు. అత్త చీర కుచ్చెళ్లు కిందికి గుంజి నడుము చూసి పెద్దగా అరిచింది. "ఇదో! ఇదో నల్లగా!"

అక్కడ ఉన్నది చీర కట్టు రాసుకుని నల్లబడిన చార. చీర కట్టే ప్రతి ఆడదానికీ నడుము చుట్టూ ఉండేదే. అత్త జీడిగింజల కోసం గూటిలో చెయ్యి పెట్టింది.

రోకలి నా చేతికి ఎలా వచ్చిందో నాకు గుర్తులేదు. గూటిలోంచి బయటికొస్తున్న ఆ చేతి మీద నా బలమంతా పెట్టి కొట్టాను. ఎముక విరిగిన శబ్దం విన్నాను. గింజలు వాకిలంతా దొర్లాయి. ఆమె కింద కూలబడింది. నేను వదల్లేదు. మీద పడి ఆమె చీర కట్టును నా రెండు చేతులతో నడుము దగ్గర కిందికి లాగాను.

"నీది చూపియ్ అత్తా! చూడండప్పా అందరూ! మీ అమ్మకు ల్యాదా ఈ నలుపు? శానా ఏండ్లది, శానా నల్లగా ఉండాది! పూయండి దీనికి జీడి!"

కొడుకులిద్దరూ ముఖాలు తిప్పుకున్నారు. ఒక్క క్షణమే. తర్వాత నా భర్త నన్ను కొట్టిన దెబ్బలకు నా పక్కటెముక ఒకటి విరిగింది. ఇప్పటికీ ముసురు పడితే నొప్పి పెడుతుంది. కానీ ఆ రోజు నేను పడుతూ లేస్తూ కొడవలి అందుకున్నాను. కొడుకును చంకనెత్తుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా భర్త ఆ కొడవలి వైపు చూసి ఆగిపోయాడు. తోడికోడలు చిరిగిన రవిక పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడింది. ఆ తర్వాత బిడ్డను వదిలి పొమ్మనే మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మామ ఆ సాయంత్రం నోరు విప్పాడు. రెండేళ్లు పంట పోయింది, నిందించడానికి ఇంట్లో ఆడవాళ్లు మిగల్లేదు. "మీ నాయన విత్తనానికి ఏమో చేస్తాడంటివే, అదేందో చెప్పుమ్మా," అన్నాడు. ఆ మాట పోయినేడే అడిగి ఉంటే నా చెంప నాకుండేదని ఆయన ముఖాన్నే అన్నాను. ఆయన తల దించుకున్నాడు. దించుకుంటే నాకేం ఒరిగింది?

మైలుతుత్తం మట్టికుండలోనే కలపాలి, ఇనుము పనికిరాదు. మళ్లీ వానలకు విత్తనమంతా నేనే ఆ నీలపు నీళ్లలో తడిపి, నీడన ఆరబెట్టాను. జడ్డిగం దగ్గర నేనే నిలబడ్డాను. నల్లచెంప కప్పుకోకుండా, ఊరంతా చూస్తుండగా నడిచాను. ఆ ఏడు కంకులు పాలలా తెల్లగా వచ్చాయి. వెతికి వెతికి చూసినా కాటుక దొరకలేదు.

వంకరగా అతుక్కున్న చేత్తోనే అత్త కల్లంలో జొన్నలు ఎత్తి వచ్చినవాళ్లందరికీ చూపించింది. "మా పెద్ద కోడలి చెయ్యి శానా మంచిది. ఆ చెయ్యి తగిలితే కాటుక పారిపోతాది," అంది. మనస్ఫూర్తిగానే అంది. మరుసటి తొలకరికి ఊళ్లో ఆడవాళ్లు విత్తనాల గంపలు ఎత్తుకుని మా వాకిలికి వచ్చారు. ఒకసారి చెయ్యి పెట్టి ఇమ్మని నన్ను బతిమాలారు. నా ముఖాన్ని తిట్టిన ఆడవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. నాకు జీడి పూసిన రోజు కూడా అంత కోపం రాలేదు.

"నా చెయ్యి కాదు, మైలుతుత్తం నీళ్లు!" అని అరిచాను. "ఈ పొద్దు నా చెయ్యి మంచిదంటాండారు. రేపు పంట చెడితే ఈ చేతికే జీడి పెడతారు. ఎత్తుకొని పోండి మీ గంపలు!"

పొగరెక్కిందని తిట్టుకుంటూ గంపలు నెత్తికెత్తుకుని వెళ్లిపోయారు. అత్త కూడా నన్ను తిడుతూ లోపలికి పోయింది. తోడికోడలు ఒక్కతే కదల్లేదు. లోపలికి పోయి మట్టికుండ తెచ్చి నా ముందు పెట్టి కూర్చుంది.

"నీళ్లు ఎంత పోయల్ల అక్కా? నాకు నేర్పు. వాళ్ల ఇండ్లకు పోయి నేను చెప్తా," అంది.